పట్టుకునే మనిషి

“ఇంకో ఫొటోనా? వద్దండి,” అంటూ ఎలీసమ్మ ఎక్స్‌రే మిషనుకి అడ్డంగా నిలబడింది.

శ్యామ్ బాబు ఆ చక్రాల మిషనుని పసిపిల్లల ఐసీయూ గుమ్మంలోనే ఆపేశాడు. అమలాపురంలోని ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేది అతనే. సెలవు మీద వెళ్ళి ఆ ఉదయమే డ్యూటీలో చేరాడు. వచ్చీ రాగానే ఈ పిలుపు. నెలలు నిండకుండా పుట్టిన మగపిల్లాడు, నోట్లో ఊపిరి గొట్టం. అరచేతిలో సగం కూడా లేని ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

మొన్న ఒకటి తీశారని, నిన్న మళ్ళీ తీశారని, పెద్దవాళ్ళకే మంచిది కాదంటారే, ఈ గుప్పెడు ప్రాణానికి ఎన్నిసార్లు పెడతారని ఆవిడ నిలదీసింది. గొంతు పెంచలేదు, పక్కకీ తప్పుకోలేదు. ఇలాంటి మామ్మల్ని శ్యామ్ బాబు చాలామందినే చూశాడు. వాళ్ళతో వాదించి గెలిచింది మాత్రం ఎన్నడూ లేదు.

ఇంతలో డాక్టరు కామేశ్వరి వచ్చింది. కాకినాడలో ఉన్న పిల్లాడి తండ్రితో ఇప్పుడే ఫోన్లో మాట్లాడానని, తీయమన్నాడని చెప్పింది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందో, గొట్టమే పక్కకి జరిగిందో పైనుంచి చూస్తే తేలడం లేదు. ఫొటో లేకుండా చెయ్యి వేస్తే ప్రాణానికే ముప్పు.

ఎలీసమ్మ పిల్లాడి వంక చూసింది. తర్వాత శ్యామ్ బాబు వైపు తిరిగింది.

“వీడికి తగిలేది తగ్గించడానికి మన చేతిలో ఏవన్నా ఉందా బాబూ?”

వద్దని తగువు పడ్డవాళ్ళే తప్ప ఆ మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ అతనికి తగల్లేదు. ఒక్క ఫొటోకి తగిలేది చాలా తక్కువని, అయినా ఛాతీ మేరకే పడేలా చూస్తానని నెమ్మదిగా చెప్పాడు.

“పిల్లాడు కదిలితేనే చిక్కు మామ్మగారూ. ఫొటో పాడైతే మళ్ళీ తీయాలి. కదలకుండా పట్టుకునే మనిషి కావాలండి.”

పట్టుకోవలసిన నర్సు వాణి కడుపుతో ఉంది. మిషను కనబడగానే బయటికి వెళ్ళిపోయింది. రెండో నర్సు ఇంకో పసికందు దగ్గర చెయ్యి ఖాళీ లేకుండా ఉంది.

“నేను పట్టుకుంటాను,” అంది ఎలీసమ్మ.

ఎంతో కొంత మీకూ తగులుతుందని చెప్పాడు శ్యామ్ బాబు.

“ఆయ్. ఎలా పట్టుకోవాలో చెప్పండి.”

కిరణాలు తగలకుండా అతను తొడిగిన సీసపు ఏప్రాన్ బరువుకి ఆవిడ భుజాలు కుంగాయి. చేతులు కడుక్కుని వచ్చి, పిల్లాడి చేతులు రెండూ తల పక్కన ఆనించి పట్టుకుంది. లోపల్లోపలే ఏదో రాగం తీస్తోంది. ప్రార్థనో, లాలిపాటో తెలియలేదు. పిల్లాడు మెల్లగా కుదుటపడ్డాడు. శ్యామ్ బాబు కిరణాలు ఎంత మేర పడతాయో చూపే మిషను వెలుగుని ఇంకాస్త దగ్గరికి కుదించి, రెండోసారి సరిచూసుకుని, ఛాతీ నిండుగా పొంగేదాకా ఆగి బటన్ నొక్కాడు.

ఒక్క ఫొటోతో సరిపోయింది.

గొట్టం కాస్త లోపలికి జారింది. గాలంతా ఒక పక్కకే పోతోంది. డాక్టరు దాన్ని కొద్దిగా వెనక్కి లాగి మళ్ళీ అంటించింది. చూస్తూండగానే ఛాతీ రెండు వైపులా సమంగా లేవడం మొదలెట్టింది, పెదవులకి రంగొచ్చింది. ఇలాగే ఉంటే వారంలో గొట్టం తీసేయొచ్చంది డాక్టరు.

శ్యామ్ బాబు ఆవిడకి ఏప్రాన్ విప్పడానికి సాయం పడుతూ, మీ మనవడు గట్టి పిండమండీ అన్నాడు.

ఎలీసమ్మ పిల్లాడి టోపీ సరిచేస్తూ నవ్వింది.

“వీళ్ళమ్మకి కాకినాడలో నయమై వచ్చేదాకా పక్కన ఎవరో ఒకళ్ళుండాలి గదండీ, అందుకని ఉండిపోయేను. వీడి పక్క పెట్టెలో ఉన్న మా మనవరాలైతే ఆదివారమే ఇంటికెళ్ళిపోయింది.”