వాన ఒప్పుకున్న గోడ

తెపెయాక్ గుట్టపై వెలసిన తల్లీ, ముళ్ళ మట్టకు తియ్యని పండునిచ్చే గ్వాదలూపే మాతా, ఈ చిన్న కథను చెప్పే వాక్కు నాకు ప్రసాదించు.

సాన్ హసింతో ఊరి గుడి పెత్తనం ఆ ఏడు కాసిల్దాది.

ఒక ఉదయం ఆమె వచ్చేసరికి, బక్కపలచని మనిషి ఒకడు గుడి కంచెలోని నాగజెముడు మట్టలు కోస్తున్నాడు.

“ఏమయ్యా! పండ్లు దొంగిలించేవాళ్ళను చూశాను గానీ, కంచెనే ఎత్తుకుపోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఎవరు నువ్వు?”

అతడు కత్తి దించి, టోపీ తీసి, ‘దోన్యా’ అని అమ్మగారిని పిలిచినంత మర్యాదగా పలికాడు.

“దోన్యా కాసిల్దా, మీ తమ్ముడు ఫిదెన్సియో పోయాడు. నగరంలో, ఆసుపత్రిలో.”

కాసిల్దా గుడి గోడవైపు చూసింది.

పదకొండేళ్ళ క్రితం గుడికి వెల్లవేసే వంతు ఫిదెన్సియోది. అది ప్రతి ఇల్లూ ఊరికి చేయవలసిన సేవ. ఇంకా ఆరు రోజుల పని ఉండగా అతడు పారిపోయాడు. కొడుకు వదిలిన పనికి డెబ్భై ఏళ్ళ తండ్రి నిచ్చెన ఎక్కాడు. మొదటి రోజే జారిపడి కన్నుమూశాడు.

సేవ ఎగ్గొట్టినవాడికి ఆ ఊరి శ్మశానంలో చోటు లేదు.

“పోయేముందు నర్సుతో అంతా చెప్పుకున్నాడట. నెలాఖరుదాకా ఉంచుతారు, దోన్యా. తర్వాత దిక్కులేనివాళ్ళ గుంతలో వేస్తారు. ఆ ఆరు రోజులూ నేను చేస్తాను. శ్మశానంలో చోటిచ్చినట్టు ఊరి చీటీ ఇవ్వండి, చాలు.”

“నువ్వేమవుతావు వాడికి?”

అతడు వంగి, కోసిన మట్టలు పోగుచేశాడు.

“ఇంకేమవుతాడు? మెస్కాల్ సారా స్నేహితుడు,” అన్నాడు గుడి అవతలి గోడకు వెల్లవేయడానికి నిచ్చెన మోసుకొస్తున్న తాపీమేస్త్రీ ఎలిహియో. “ఏం బాబూ, వాడి సీసాలో సగం నీదేనా?”

“చేస్తానంటే వద్దనను,” అంది కాసిల్దా. “కానీ మా కట్టుబాటు విను. పరాయి చేతి వెల్లను వాన ఒప్పుకోవాలి. తొలివానకు కరక్కుండా నిలిస్తేనే అది సేవ.”

అతడు మట్టల ముళ్ళు గీసి, ముక్కలు కోసి, నీళ్ళలో నానవేశాడు. మరునాటికి నీరు గుడ్డు తెల్లసొనలా సాగింది. గుడ్డలో వడగట్టి, పాతసున్నంలో కలిపి, గుప్పెడు ఉప్పు వేశాడు. కొన్ని మట్టలను విడిగా ఎండలో ఉంచి, గాటు ఆరాక, తాను ఖాళీ చేసిన కంచెలోనే తిరిగి నాటాడు.

“జిగురు పలచన,” అంది కాసిల్దా.

“ఇంకో పది మట్టలు వేస్తాను.”

“మా నాన్న కలిపితే వేలికంటిన జిగురు మోచేతిదాకా జారేది.”

“అయితే పదిహేను, దోన్యా.”

నాలుగో రోజున ఆమె రొట్టెలు, చిక్కుడుగింజల కూర నిచ్చెన కింద పెట్టి వెళ్ళింది.

ఆరో సాయంత్రానికి గోడ మల్లెపూవులా ఉంది.

“చీటీ ఇవ్వండి, దోన్యా. ఇంకా ఎనిమిది రోజులే.”

“వాన పడనీ.”

“పడకపోతే?”

“వాడు ఆ ఆరు రోజులు ఆగుంటే మా నాన్న నిచ్చెన ఎక్కేవాడా? ఇప్పుడు ఆగనీ.”

అతడు చేతులు కడుక్కున్నాడు.

“వాన త్వరగా రావాలని మొక్కుకోండి, దోన్యా,” అని బస్సెక్కాడు.

కాసిల్దా రోజూ ఆకాశం చూసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నెల మారింది. కొత్త నెల అయిదో నాడు వాన కుండపోతగా కురిసింది. అవతలి గోడకు ఎలిహియో వేసిన వెల్ల కాలువలో పాలలా పారిపోయింది. ఆ కొత్తమనిషి గోడ చెక్కుచెదరలేదు. కాసిల్దా తడిగోడ మీద అరచేయి పెట్టి గట్టిగా రుద్దింది. చేతికి చుక్క తెలుపు అంటలేదు.

తండ్రి పక్కనే చోటు అని చీటీ రాయించి, మరునాడు తొలి బస్సులో నగరానికి వెళ్ళింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉన్న ముసలామె చీటీ చూసి నిట్టూర్చింది.

“ఫిదెన్సియోనా? నిన్ననే గుంతకు తీసుకుపోయారు తల్లీ. ఎక్కడ పడుకోబెట్టారో ఇక ఎవరూ చూపించలేరు.”

“నెలాఖరుకే అన్నారే!”

“నెలాఖరుకే. ‘వాన పడుతుంది, వాళ్ళక్క వస్తుంది’ అంటూ సిరియాకో శవాన్ని అయిదు రోజులు దాచాడు. పట్టుబడ్డాడు. పనిలోంచి తీసేశారు, ఎటు పోయాడో.”

“బక్కగా ఉంటాడు, అతనేనా? మా తమ్ముడి స్నేహితుడు?”

“స్నేహితుడేమిటమ్మా!” ముసలామె వింతగా చూసింది. “సిరియాకో ఇక్కడ శవాలు కడిగేవాడు, మీ తమ్ముణ్ణి ప్రాణంతో ఉండగా అతను ఒక్కసారి కూడా చూడలేదు.”

ఈ కథ విన్నవారందరికీ, వారి ఆత్మీయులకూ, చివరినాడు తమవారి చేతి మన్ను సకాలంలో దక్కుగాక. ఆ తల్లి అందరినీ చల్లగా చూచుగాక.