మూడో ఫ్యాన్

“ఆపెయ్యి ప్రసాద్. ఇదీ అంతే.”

గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రేమ్ కుమార్ చెయ్యెత్తాడు. నాగదుర్గాప్రసాద్ కంప్యూటర్ కట్టేశాడు. అమలాపురంలో కంప్యూటర్ల షాపు అతనిది. పొద్దున్నే కంప్యూటర్‌ని చల్లబరిచే ఫ్యాన్లు, మూడు రకాల కూలర్లు సంచిలో వేసుకుని బండారులంకలో వీళ్ళింటికి వచ్చాడు. ఒకటి బిగించడం, విప్పడం అయిపోయింది. ఇది రెండోది.

“వినిపించలేదూ నీకు? సన్నగా, ఊఁ అని?”

“ఆయ్, ఉందండి బావగారూ. కొద్దిగా.”

“కొద్దిగా ఏమిటి? పాఠం వెనకాల దోమ పాడుతున్నట్టుంటేనూ!”

గుమ్మం దగ్గర నిలబడ్డ శారోన్ చేతిలోని పుస్తకాన్ని గుండెకి ఆనించుకుంది. చూపు లేని పిల్లల కోసం హైదరాబాదు సంస్థ ఒకటి పాఠాలు చదివించి రికార్డు చేయిస్తోంది. చదివేది ఆమె. విని, సరిచేసి, పంపేది ఆమె భర్త. ఈ సాయంత్రంలోగా నమూనా పాఠం అందితే ఏడాది పొడుగునా పని వీళ్ళదే. అందకపోతే ఇంకొకరిది. ఆ పని రాకపోతే ప్రేమ్ కుమార్ మళ్ళీ కువైట్ వెళ్ళాలి. వీసా సిద్ధం చేసిన ఆమె అన్నయ్య రాజబాబు కూడా సాయంత్రానికే జవాబు చెప్పమన్నాడు.

పెళ్ళయ్యాక కలిసి ఉన్న రోజులకన్నా, ఎయిర్‌పోర్టు అద్దాల బయట నిలబడి చెయ్యి ఊపిన రోజులే శారోన్‌కి బాగా గుర్తు.

“మొన్న ఫోన్లో ఓ ముక్క వినిపిస్తే బావుందనే అన్నారు కదండీ ఆ సంస్థ మేడమ్‌గారు,” అంది మెల్లిగా. “ఉన్నది ఉన్నట్టు పంపేద్దామా?”

“ఫోన్లో ఏం తెలుస్తుంది? హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని విన్నారంటే రెండో నిమిషానికి పక్కన పడేస్తారు. నీకు వినిపించడం లేదా ఏంటి?”

శారోన్ చేతిలోని పుస్తకం వైపు చూసింది.

“ఉన్నట్టే ఉందండీ.”

“మరి?”

ఆమె ప్రసాద్ వైపు తిరిగింది. “తమ్ముడూ, అసలు ఫ్యానే తీసేస్తే?”

“అమ్మో! ప్రాసెసర్ ఉడికిపోద్దక్కా. మీరు పాఠం మధ్యలో ఉండగానే కంప్యూటర్ కట్టయిపోద్ది.” అతను మూడో పెట్టె విప్పాడు. “ఇది చూడండి బావగారూ, పళ్ళెమంత ఉంది. చిన్న ఫ్యానయితే జోరుగా తిరగాలి. జోరుగా తిరిగితే గోల. ఇది నెమ్మదిగా తిరిగినా సరిపడా గాలి తోస్తుందండి. ఈ రాగి గొట్టాలు వేడిని లాగి పైన రేకులకి అందిస్తాయి. స్క్రూల బదులు రబ్బరు పుల్లలు, అదురు కంప్యూటర్ డబ్బాకి అంటదు.”

“రెండోదానికీ ఇదే చెప్పేవు.”

“ఆయ్, చెప్పేనండి.”

శారోన్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. ప్రేమ్ కుమార్ నవ్వలేదు.

“కువైట్లో జనరేటర్ల మధ్య బతికినవాణ్ణి ప్రసాద్. ఏ మిషను మూలుగుతోందో చెయ్యి వెయ్యకుండా చెప్పేవాణ్ణి. ఇది కాకపోతే ఇంకోటి తెప్పించు, అంతేగానీ నా చెవికి సర్ది చెప్పకు.”

“ఇంతకన్నా నెమ్మదైంది మా షాపులో లేదండి. తెప్పించాలంటే వారం.”

వారం అనేసరికి ప్రేమ్ కుమార్ గడియారం వైపు చూశాడు.

ప్రసాద్ రెండో కూలర్ విప్పి, ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు గుడ్డతో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టాడు. కూలర్ని నిలబెట్టి బిగించసాగాడు. అంతలో పక్కింట్లో మగ్గం మొదలైంది. టక్, టక్, టక్.

శారోన్ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. “సుబ్బమ్మ పిన్నీ! ఇంకొక్క పది నిమిషాలు ఆపవా?”

“పొద్దుట్నించీ ఇదే వరస! మీ ఫ్యాను నిద్దరోతోందా ఏంటే, జోల పాడనా?”

“పిన్నీ, నీకు దణ్ణం పెడతాను.”

ఆ గొంతులో ఏం వినబడిందో, సుబ్బమ్మ మరి వేళాకోళమాడలేదు. “సర్లే. ఈలోగా నేను అన్నం తినేస్తాను,” అంది. మగ్గం ఆగింది.

శారోన్ కిటికీ మూసి, గదిలో తిరుగుతున్న సీలింగు ఫ్యాను కూడా ఆపింది. ఉక్క. ప్రసాద్ మెడ మీంచి చెమట కారుతోంది. ప్రేమ్ కుమార్ కుర్చీని మళ్ళీ గోడవైపు తిప్పుకున్నాడు.

“నేను చూడను. చూస్తే చెవి కూడా కంటి మాటే వింటుంది. ఊఁ, కానియ్యి.”

డబ్బా మూత మూసిన చప్పుడైంది.

ప్రేమ్ కుమార్ తల కాస్త పక్కకి వంచాడు. శారోన్ ఊపిరి బిగబట్టి అతని వీపునే చూస్తోంది. మొదట ఆ భుజాలు తేలికపడినట్టే అనిపించాయి. ఆమె లోపల్లోపల ప్రార్థన మొదలుపెట్టింది. అది సగంలో ఉండగానే ఆ భుజాలు కిందికి జారిపోయాయి.

“అదిగో,” అన్నాడు. “అదే. రవ్వంత కూడా తగ్గలేదు.”

చేత్తో మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

“ఇంక దీనికి మందు లేదు. శారోన్, మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. వస్తున్నానని చెప్పు.”

శారోన్ కదల్లేదు. ఆమె కళ్ళు ప్రసాద్ మీద ఉన్నాయి. అతను స్క్రూడ్రైవర్ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

“ఏం ప్రసాద్? వినిపించడం లేదూ?”

ప్రసాద్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“ఇంకా స్విచ్ వెయ్యలేదండి, బావగారూ.”