కుడి చెవి

వేదిక మీద వయొలిన్ కమానులన్నీ ఆడుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం ఆగిపోయింది.

బాలశౌరి చేయి కుడి చెవి మీదికి వెళ్లింది. నిరుడు అతని ఎడమ చెవి ఇలాగే ఉన్నట్టుండి పోయింది. కుడిదీ పోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. అదీ పోతే చర్చిలో పిల్లలకు పాట నేర్పడం ఇక ఉండదు.

విజయవాడలో ఇంత పెద్ద ఆర్కెస్ట్రా అరుదని, ఉన్న చెవితోనైనా విందామని వచ్చాడు. ఈ కాలపు రచన అన్నారు. మొదటినుంచీ అంతుపట్టలేదు. రాగం అనుకున్నది గీరుడైంది, గీరుడు గాలి ఊదినట్టయింది. ఇప్పుడు అదీ లేదు.

పక్కనున్న భార్యను పిలవబోయాడు. పిలిచాక తన గొంతు తనకే వినపడకపోతే? హెలెన్ చేయి పట్టుకున్నాడు. ఆ చేయి కూడా చెమటతో తడిసి ఉంది.

"మైకు పోయిందయ్యా! ఇక్కడేం వినపడట్లా!" వెనక వరుసలోంచి ఎవరో కేకేశారు.

హాలంతా నవ్వింది. వ్యాఖ్యాత ముందుకొచ్చారు. "మైకు బానే ఉందండీ. రచనలో ఈ చోట కమాను తీగకి తగలకుండా ఆడించమనే ఉందండీ!"

హెలెన్ అతని కుడి చెవి దగ్గరకు వంగింది. "హమ్మయ్య! మీ చెవికి తోడు నావి కూడా పోయాయనుకున్నానండీ."

"ఇంకోసారి చెప్పు," అన్నాడు బాలశౌరి.

ఏడాదిగా రోజూ అంటున్న మాటే. ఈసారి వినపడక కాదు.