నాలుగు స్క్రూలు

పళ్లాసుపత్రి లోపలి గదిలో మిషను గుయ్యిమంది.

అనౌన్సరమ్మ చేతిసంచీ చంకన పెట్టుకుని లేచి నిలబడింది.

"ఎక్కడికమ్మా?" పక్క కుర్చీలోని గళ్ల చొక్కా పెద్దాయన అడిగాడు.

"ఇంటికి."

"మరి వచ్చిన పని?"

"నా దవడలో నాలుగు మేకులు దిగేస్తారట. నావల్ల కాదు."

ఆమెది బస్టాండులో మైకు ముందు ఉద్యోగం. కింది పళ్లసెట్టు వదులైపోయి, పోయినవారం బస్సు ఏ ప్లాట్‌ఫారమో చెబుతుండగానే జారి మైకు మీద పడింది. జనం పగలబడి నవ్వారు. ఇంకోసారి ఇలా జరిగితే మైకు వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు మేనేజరు. ఆ మాటకు వారమంతా నిద్రపట్టలేదు గానీ, ఈ మిషను చప్పుడు ముందు ఆ భయం ఏపాటిది?

"మేకులు కాదమ్మా, మినీ ఇంప్లాంట్లు. అగ్గిపుల్లంత లావు స్క్రూలు. సెట్టు వాటిని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. నాకూ నాలుగు వేశారు, రెండేళ్లయింది."

"నొప్పి?"

"మత్తు సూది చీమ కుట్టినట్టుంటుంది. ఆ తర్వాత హాయిగా పాత పాటలు గుర్తు చేసుకోవచ్చు."

"డాక్టరు మీకేమైనా చుట్టమా? పారిపోయేవాళ్లని పట్టి కూర్చోబెట్టడానికి పెట్టారా మిమ్మల్ని?"

ఆయన నవ్వాడు. నవ్వేటప్పుడు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

"డాక్టరు మీ దవడ ఎముక గట్టిదన్నారా?" ఆయన అడిగాడు.

"అన్నారు."

"సిగరెట్టు తాగుతారా?"

"ఛీ, నేనా?"

"అయితే మీకేం కాదు. నేను బయటికొచ్చేదాకా కూర్చోండి. నా మొహం చూసి అప్పుడు వెళ్లిపోండి."

నర్సు పిలిచింది. ఆయన లోపలికి వెళ్లాడు.

ఆమె గడియారం చూసింది, గుమ్మం చూసింది, మళ్లీ గడియారం చూసింది.

అరగంటకు ఆయన రుమాలు నోటికి నొక్కుకుని బయటికొచ్చాడు. కళ్లతోనే నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నవ్వుతూనే పోతున్నాడు కదా అనుకుంది. నర్సు పిలవగానే లోపలికి నడిచింది.

ఎంత భయపడిందో అంత తేలిగ్గా అయిపోయింది.

అద్దం ముందు నిలబడి, "ప్రయాణికులకు గమనిక" అని చూసుకుంది. మత్తు వల్ల మాట ముద్దగా వచ్చింది గానీ పళ్లు కదల్లేదు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఇందాకటి అన్నయ్యగారు మళ్లీ చెకప్‌కి ఎప్పుడొస్తారు? పాపం, నోటికొచ్చినట్టు అన్నాను. చెయ్యి పట్టుకుని ఆయనకో మాట చెప్పాలి."

ట్రే తుడుస్తున్న నర్సు తలెత్తింది.

"ఆయనకింక చెకప్ ఏముందమ్మా? ఎంత చెప్పినా సిగరెట్టు మానలేదు, ఎముక కరిగి ఆ నాలుగూ ఊగిపోతుంటే, ఇవాళ పీకించుకోడానికే వచ్చారు."