తప్పు నాదేనండీ

ముందు వెళ్తున్న వ్యాను ఒక్కసారిగా ఆగింది. వెనకున్న ట్యాక్సీ వ్యానుని గుద్దింది. ట్యాక్సీని ఫర్నిచర్ షాపు ఓనరు కారు గుద్దింది.

పట్టపగలే దట్టమైన పొగమంచు. పక్క మనిషి మొహం కూడా సరిగ్గా కనపడటం లేదు. రోడ్డు మీద తడికి కాలు పెడితే జారుతోంది.

అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దాంతో పోట్లాటకి బోలెడంత ఓపిక మిగిలింది.

“నడిరోడ్డు మీద బ్రేకు వెయ్యమని ఎవడు చెప్పాడయ్యా నీకు?” ట్యాక్సీ డ్రైవరు అరిచాడు.

“వెనక నుంచి గుద్దింది నువ్వు! కళ్లెక్కడ పెట్టుకున్నావ్?” వ్యాను డ్రైవరు తగ్గలేదు.

“కొత్త కారయ్యా నాది! సీట్ల మీద కవర్లు కూడా తియ్యలేదు!” షాపు ఓనరు తల పట్టుకున్నాడు.

ఆ కారు వెనక సీట్లో ఆయన భార్య, ఒళ్లో చంటిపాప.

“ఏమండీ, మేం దిగి పక్కన నిలబడమంటారా?”

“కదలకు. మనం కదిలితే తప్పంతా మన నెత్తిన రుద్దుతారు. పోలీసుల్ని రానీ.”

అప్పుడే మంచులోంచి ఒక పెద్దాయన రొప్పుతూ వచ్చాడు. తలకి మఫ్లరు, ఒంటి మీద బూడిద రంగు స్వెట్టరు.

“బాబూ, ముందు రోడ్డు దిగండి. వెనకొచ్చే బళ్లకి మీరు కనపడరు. ఇండికేటర్లు వేసి రోడ్డు పక్కనున్న ఆ గట్టెక్కండి.”

“తప్పెవరిదో తేలకుండానా?” అన్నాడు ఓనరు.

“తేలుతుంది బాబూ. ముందు ప్రాణాలు...”

“నీతులు తర్వాత చెబుదువుగాని. నీ దారిన నువ్వు పో పెద్దాయనా!” ట్యాక్సీ డ్రైవరు కసిరాడు.

పెద్దాయన కారులోకి తొంగి చూశాడు. పాప హాయిగా నిద్రపోతోంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు.

“తప్పు నాదేనండీ.”

ముగ్గురూ గిరుక్కున ఆయన వైపు తిరిగారు.

“నీదా?”

“నాదే. వ్యాను ముందు వెళ్తూ నా కారు అడ్డంగా తిప్పాను. అందుకే వ్యాను ఆగింది. తక్కినదంతా నా వల్లే.”

“నీ నోట్లో పంచదార పొయ్య!” వ్యాను డ్రైవరు ఎగిరి గంతేశాడు. “ఏదో అడ్డమొచ్చినట్టే అనిపించింది నాకు!”

షాపు ఓనరు మాత్రం మాటలతో ఆగలేదు. పెద్దాయన చెంప ఛెళ్లుమంది.

“కొట్టండి బాబూ. కానీ ఇక్కడ కాదు, గట్టు మీద కొడుదురుగాని,” అంటూ ఆయన గబగబా గట్టెక్కసాగాడు.

“పారిపోతున్నాడు, పట్టుకోండి!”

ముగ్గురూ వెంటపడ్డారు.

సగం ఎక్కి పెద్దాయన వెనక్కి తిరిగాడు. “అమ్మా! నేను ఒప్పుకుంది నువ్వూ విన్నావుగా? సాక్ష్యం చెప్పాలి. పాపని తీసుకుని రా తల్లీ!”

“అవునవును, రా! లేకపోతే మాట మార్చేస్తాడు,” అన్నాడు ఓనరు.

ఆమె పాపని దుప్పట్లో చుట్టుకుని వచ్చింది.

గట్టు మీద విచారణ మొదలైంది.

“అసలు నీకు లైసెన్సుందా?”

“ఈ వయసులో స్టీరింగు పట్టకపోతే ఏం?”

పెద్దాయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి హారన్ మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. జారుకుంటూ వచ్చిన లారీ కారుని ట్యాక్సీలోకి, ట్యాక్సీని వ్యానులోకి తోసేసింది.

కారుకి వెనక సీటన్నది లేకుండా పోయింది.

ఆ చప్పుడికి పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఓనరు ఉన్నచోటే కూలబడిపోయాడు. భార్యనీ పాపనీ పొదివి పట్టుకుని భోరుమన్నాడు.

లారీ డ్రైవరు కుంటుకుంటూ దిగొచ్చాడు. పెద్దాయన తన మఫ్లరు విప్పి అతని నుదుటి గాయానికి కట్టాడు.

పోలీసు వచ్చేసరికి ఆయన అక్కడ లేడు.

“చూశారా సార్, జారుకున్నాడు!” అన్నాడు వ్యాను డ్రైవరు. “తప్పంతా ఆయనదే. తన నోటితోనే ఒప్పుకున్నాడు.”

“పోనివ్వండి సార్, కేసొద్దు,” ఓనరు కళ్లు తుడుచుకున్నాడు. “నా పాప బతికింది, అంతే చాలు. ఆయన్ని నేను క్షమించేశాను.”

“ఇంతకీ ఆయన కారేది?” పోలీసు అడిగాడు.

“మా ముందే ఉండాలి సార్. మంచులో కనపడటం లేదు.”

“నేను అటు నుంచే నడిచొచ్చాను. మీ వ్యాను ముందు ఏ బండీ లేదు.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఎలా ఉంటాడు మనిషి?”

“బూడిద రంగు స్వెట్టరు సార్,” ఓనరు భార్య మెల్లగా చెప్పింది. “చలికి వణుకుతూనే ఉన్నారు, పాపం.”

పోలీసు తల పంకించాడు.

“ఆయనకి కారెక్కడిదమ్మా? పొగమంచు వల్ల అవతలి రోడ్డు పక్కన ఆగిపోయిన బస్సులో ప్రయాణికుడు, మీరు గుద్దుకున్న చప్పుడు విని దిగొచ్చాడట. ఇప్పుడే నా కళ్ల ముందే కండక్టరు ఆలస్యం చేశావని తిట్టి ఎక్కించుకుని వెళ్లాడు.”