పెద్ద డాక్టరు కూర్చునే రాయి

తునికిపళ్ళు విరగకాసిన ఏడు, వేసవిలో, అడవి ఆసుపత్రి పెద్ద డాక్టరు ముసలి ఎలుగు కన్నుమూసింది. అది కూర్చునే రాయి ఖాళీ అయింది. ముల్లు తీసే కొంగ, కట్టు కట్టే కోతి ఆ రాయి కోసం తగువు పడ్డాయి.

"నేను ముల్లు తియ్యందే నువ్వు కట్టేం కడతావోయ్?"

"నేను కట్టకపోతే నీ రోగి ఇల్లు చేరుతుందా, కొంగమ్మా?"

చూడ్డానికి పిట్టలన్నీ కొమ్మల మీద చేరాయి. కాల్లో తుమ్మముల్లుతో వచ్చిన కుందేలు కూడా నవ్వుతూ కూర్చుంది. కొంగ దాని వైపు తిరిగితే, "నాకేం తొందర లేదక్కా, ముందు కోతిబావకి జవాబు చెప్పు," అంది.

జవాబులు చీకటిపడేదాకా సాగాయి. కాలు వాచిపోయింది.

తెల్లారి కొంగ, కోతి కుందేల్ని ఆ రాయి మీదే కూర్చోబెట్టి, ముల్లు లాగి కట్టు కట్టాయి.

అప్పటినుంచి కుందేలు మూడు కాళ్ళ మీదే గెంతుతోంది.