బావ మొక్కు

డెబ్బై ఒకటి యుద్ధంలో మా బావ జయచంద్ర యుద్ధనౌకలో ఉండినాడు. కొడుకు క్షేమంగా వస్తే గుండు కొట్టిస్తానని మా అత్త కొండకు మొక్కుకునింది. బావ వచ్చినాడు గానీ, క్రాపు మీద మోజుతో రేపు మాపని నెట్టుకొచ్చినాడు. ఇప్పుడు బట్టతల.

మొన్న కొండమీద మంగలాయన ఆ తల చూసి నవ్వినాడు. "ఈడ నేను తీసేదేముండాదప్పా?"

మొక్కు తీరకపోతే ఎట్లని మా ఇంటామె ఏడ్చింది. ఆపైన నా తలకాయ పక్క చూసింది.

"మా అన్న నడిసముద్రంలో పాణాలే ఇయ్యబోయినాడు. ఆయన బదులు మీరు జుట్టియ్యలేరా?"

నాకు మిగిలిన సోకు ఆ జుట్టొకటే. అయినా పోయి మంగలాయన ముందర తల వంచి కూర్చున్నాను.

బయటికొచ్చినాక బావ నా గుండు నిమిరి, చెవిలో చెప్పినాడు.

"దానికి చెప్పబాక బావా. యుద్ధమంతా మా నౌక మరమ్మతుకని రేవులోనే ఉండె."